నత్తలకు ఉప్పు తెచ్చిన నాయన

మా ఊరికి నత్తలు ఎట్లా వచ్చాయో ఎవరికీ సరిగ్గా తెలియదు. నర్సరీ మొక్కల మట్టిలో వచ్చాయని కొందరు, ఇసుక ట్రాక్టర్లలో వచ్చాయని కొందరు, కర్ణాటక వైపునుంచి గట్లమీద పాకుతూ వచ్చాయని ఇంకొందరు అన్నారు. అట్లా పాకుతూ వచ్చి ఉంటే, అవి బయలుదేరేనాటికి మా అత్త ఇంకా కాపురానికే వచ్చి ఉండదని మా ఆయన అనేవాడు.

మాది పెనుకొండకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. మిద్దె ఎక్కితే కొండ, కొండమీది కోటగోడ కనిపిస్తాయి. మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతాం. నేను పుట్టి పెరిగింది మాత్రం హిందూపురంలో, కిరాణా అంగడి వెనకనున్న ఇంట్లో. బెల్లం, చింతపండు, ఎండుమిరప వాసనలు కలిసిన గాలి తప్ప వేరే గాలి ఉంటుందని నాకు చాలాకాలం తెలియదు. మా ఆయన పట్టుగూళ్లు అమ్మడానికి హిందూపురం మార్కెట్టుకు వచ్చినప్పుడల్లా మా అంగట్లో కాఫీపొడి కొనేవాడు. నాయన భోజనానికి లేచే వేళకే వచ్చేవాడు, అప్పుడు గల్లాదగ్గర నేను ఉండేదాన్ని. వాళ్లింట్లో కాఫీ తాగే అలవాటు ఒక్కరికీ లేదని పెళ్లయ్యాక గాని నాకు తెలియలేదు. వంటింటి అటకమీద, విప్పని పొట్లాలతో ఒక డబ్బా నిండి ఉంది.

వ్యాపారస్తుల ఇంటి పిల్ల కాపువాళ్ల ఇంటికి పోవడం మా నాయనకు మింగుడు పడలేదు. ఆయన అరిచే మనిషి కాదు. "ఆ పాప ఇష్టం" అన్నాడు, అంతే. పెళ్లికి రాలేదు. ఆ తర్వాత నాతో నేరుగా మాట్లాడలేదు. అమ్మ ఫోన్ చేస్తే వెనకనుంచి ఆయన గొంతు మాత్రం వినపడేది.

"ఎండలో తిరగొద్దని చెప్పు ఆ పాపకు."

అమ్మ ఆ మాటే మళ్లీ నాకు చెప్పేది. నేను విన్నానని ముగ్గురికీ తెలుసు. నేను కూడా ఫోన్‌లో గట్టిగా, "నాయనకు చెప్పుమా, బీపీ మాత్ర మర్చిపోవద్దని" అనేదాన్ని. అమ్మ ఓపికగా ఆ మాటనూ మోసుకుపోయేది. నాలుగేళ్లు మా తండ్రీకూతుళ్ల మాటలన్నీ ఆమె మీదుగానే నడిచాయి.

మొదటి నత్తను చూసింది మా అత్త. వానాకాలం పొద్దున, స్నానాలగది గోడమీద. గోధుమరంగు గుల్ల, దానిమీద నిలువు చారలు, బొంగరంలాగా కొనదేలి ఉంది. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని వచ్చి నాకు చూపించింది.

"సూడమ్మే, ఎంత బాగుండాదో. వానకు తడిసి వచ్చింది పాపం" అని తీసుకుపోయి అరటిచెట్టు పాదులో వదిలింది.

మరుసటి వానాకాలానికి ఆ పాపం అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. సందెవేళకు మల్బరీ కొమ్మలనిండా నత్తలు. పొద్దున లేచి చూస్తే ఆకు జల్లెడ అయ్యేది. తిన్నంత తిని ఊరుకుంటే సరే, మిగిలిన ఆకుమీద కూడా వెండి దారాల్లా జిగురు చారలు పెట్టి పోయేవి. ఆ జిగురు ఆకును పట్టుపురుగులు ముట్టుకోవు. పట్టుపురుగు పెరిగేకొద్దీ చర్మం విడుస్తుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. అప్పటికి మా పురుగులు నాలుగో జ్వరానికి దగ్గరపడ్డాయి. అది లేచిన తర్వాత వాటి ఆకలి చూడాలి, పురుగులమనెలో, అంటే వాటిని పెంచే కొట్టంలో, వానపడుతున్నట్టు చప్పుడు చేస్తూ తింటాయి. ఆ ఆకలికి సరిపడా ఆకు తోటలో మిగులుతుందా లేదా అన్నదే మా భయం.

మా ఆయన మొదట ఒక బక్కెట్టునిండా నత్తలను ఏరి నీళ్లతొట్టిలో పోశాడు, మునిగి చస్తాయిలే అని. మేము తలుపు వేసుకుని అన్నం తిని వచ్చేసరికి అవన్నీ తొట్టి అంచుమీదకు ఎక్కి కూర్చున్నాయి. చెరువుల్లో ఉండే నత్తలు వేరు, ఇవి వేరు. ఇవి మనలాగే గాలి పీల్చే రకం. వాటికి నీళ్లు పనికిరావు, తడి కావాలి అంతే.

పట్టుపరిశ్రమ ఆఫీసునుంచి ఒకాయన వచ్చి చూశాడు. మందు చల్లితే ఆకుమీద పడుతుంది, ఆ ఆకు తిన్న పురుగులు నత్తలకంటే ముందు పోతాయి, కాబట్టి మందు వద్దన్నాడు. చేతులకు కవర్లు వేసుకుని ఏరమన్నాడు, ఏరిన తర్వాత సబ్బుతో కడుక్కోమన్నాడు. మేము ఏరుతూనే ఉన్నాం. అవి వస్తూనే ఉన్నాయి. నత్తనడక అనే మాట ఎవరు పుట్టించారో గాని వాళ్లకు మల్బరీ తోట ఉండి ఉండదు.

ఆ రోజుల్లోనే అమ్మ ఫోన్ చేసింది. నేను ఏడుపు గొంతుతో ఉన్నానేమో, "ఏమైంది?" అంది.

"తోటంతా నత్తలుమా. ఒక్కొక్కటి నా పిడికిలంత ఉండాది. ఆకు మిగిలేటట్టు లేదు."

వెనకనుంచి నాయన, "ఏమంట? ఏమంట ఆ పాపకు?" అన్నాడు.

"నత్తలంట."

"ఓ, బసవనహుళా! రొళ్ల నుంచి వచ్చే రైతులు వక్కతోటల్లో పడినాయని చెప్తాండారు. ఉప్పు వెయ్యమని చెప్పు. రాళ్లుప్పు. ఈ పొడి ఉప్పు పనికిరాదు. యాడంటే ఆడ కొనొద్దని చెప్పు, మట్టి కలిపి అమ్ముతారు."

అమ్మ ఇదంతా మళ్లీ చెప్పబోతే, "విన్నాలేమా" అన్నాను. అప్పటికి ఆ మాట అంతటితో ఆగిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా గేటుముందు లగేజీ ఆటో ఒకటి ఆగింది. డ్రైవరు పక్కన, తెల్లపంచె కట్టుకుని, ఒళ్లో గొడుగు పెట్టుకుని నాయన కూర్చున్నాడు. వెనక ఉప్పుమూట ఉంది. అది వానకు తడవకుండా పైన బెల్లం గోనెలు కప్పి ఉన్నాయి, అంగట్లో ఖాళీ అయిన పాత గోనెలు.

నాయన దిగి గేటు బయటే నిలబడ్డాడు. మా ఆయనను చూసి, "ఉప్పు తెచ్చినా. దించుకోండి" అన్నాడు, రోజూ అంగళ్లకు సరుకు వేసేవాడిలాగా. నావైపు చూడలేదు. అంటే చూడకుండా ఉండటానికి మా ఇంటి చూరు, కరెంటుస్తంభం, పక్కింటి ఆవు, అన్నీ శ్రద్ధగా చూశాడు.

డ్రైవరు ధర్మవరంలో ఏదో సరుకు దించాలని, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఎక్కించుకుంటానని చెప్పి ఆటో తీసుకుని పోయాడు. నాయనకు నిలబడటానికి చెట్టు కూడా లేదు. మబ్బు పట్టి ఉంది.

మా అత్త చేటతో బయటికి వచ్చింది. మామగారు పోయినప్పటినుంచి ఇల్లూ తోటా తన చేతిమీద నడిపిన మనిషి. కోడిని పట్టుకుంటే అది అరిచేలోపల పని అయిపోతుంది. అట్లాంటి ఆమె ఆ రోజు కొంగు సర్దుకుని మెల్లగా మాట్లాడింది.

"అంతదూరం నుంచి వచ్చినారు, లోపలికి రాండి శెట్టిగారూ."

"లేదులేమ్మా. ఆటో వస్తాది."

"వచ్చేదాకా గేటుకాడ నిలబడితే మా గేటు విరిగిపోతాది. రాండి."

నాయనకు నవ్వు వచ్చింది. దాన్ని మీసంలో దాచుకుని అరుగువరకూ వచ్చాడు. అరుగుమీద కూర్చున్నాడు. గడప దాటలేదు.

"ఇంత ఉప్పు యాలప్పా తెచ్చినారు? ఊరగాయకా?" అని అత్త అడిగింది.

"నత్తలకమ్మా. పైన ఒక పిడికెడు వేస్తే కరిగి నీళ్లైపోతాయి. మా పక్క దాన్ని బసవనహుళ అంటారు."

"ఏమంటారు?"

"బసవనహుళ. కన్నడంలో. బసవన్న పురుగు అని. తలమీద కొమ్ములు ఉంటాయి గదా, దానికి."

అత్త చేట కింద పెట్టింది. చేతులు నడుముమీద పెట్టుకుంది. గౌరవం కూడా చేటతోపాటే కింద పెట్టినట్టుంది.

"బసవన్న అని నువ్వే పేరు చెప్పి, బసవన్న నెత్తిన ఉప్పు పొయ్యమని నువ్వే చెప్తాండావా? లేపాక్షి పక్కనుండి వచ్చినోడివేనా నువ్వు?"

చీమకు కూడా చక్కెర వేసే మా నాయన, కోళ్లను కోసే మా అత్తముందు దోషిలాగా కూర్చున్నాడు. "అది కాదమ్మా" అన్నాడు. "రైతులు అట్ల చేస్తారని విన్నా" అన్నాడు. చివరికి, "ఉప్పు అమ్మేవాణ్ణే గాని, నేను ఎప్పుడూ దేనిమీదా పోసినోణ్ణి కాదు" అని ఒప్పుకున్నాడు. మా ఆయన మధ్యలో దూరి, తోటలో ఉప్పు చల్లితే ఎట్లాగూ నేల చెడుతుందని, ఆకుచెట్లే ముందు చస్తాయని చెప్పి ఇద్దరికీ దారి చూపించాడు. ఉప్పుమూట వసారాలో ఒక మూల పడింది.

నేను అటకమీది డబ్బా దించి కాఫీ పెట్టాను. పొడి ఎన్నాళ్లదో, రంగు వచ్చింది గాని వాసన రాలేదు. నాయన ఒక గుటక తాగి, గ్లాసు లోపలికి చూసి, మా ఆయనవైపు చూసి, "ఇది మా అంగడి పొడే" అన్నాడు. మా ఆయన గబగబా తోటవైపు నడిచాడు.

తోట చూస్తానని నాయన కూడా లేచాడు. సన్నగా తుంపర మొదలైంది. గొడుగు ఉంది, అయినా రెండు బెల్లం గోనెలు భుజాన వేసుకున్నాడు, గట్టుమీద కూర్చోవడానికి. నేను కవర్లు, బక్కెట్టు తీసుకుని వెనకాల పోయాను. ఆయన ముందు, నేను వెనక, మధ్యలో మాటలు మోసేందుకు అమ్మ లేదు.

మబ్బుపట్టిన మధ్యాహ్నం కాబట్టి నత్తలు అప్పుడే తిరుగుతున్నాయి. నాయన గట్టుమీద గోనె పరిచి కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, ఒక కొమ్మమీది నత్తకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. గుల్ల అంచు దగ్గర, కుడిపక్క, చిన్న చిల్లు ఒకటి తెరుచుకుంటోంది. కాసేపటికి మూసుకుంటోంది. మళ్లీ తెరుచుకుంటోంది.

"ఊపిరి తీస్తాండాది" అన్నాడు మెల్లగా. ఎవరితో అన్నాడో తెలియలేదు. నేను "ఊ" అన్నాను. అది మా ఇద్దరి మధ్య మాటకిందకు వస్తుందా రాదా అని కాసేపు ఆలోచించాను.

ఆయన చేత్తో ముట్టుకోలేదు. వంటింటి పట్టకారు తెమ్మని మా ఆయనతో చెప్పి, దాంతో ఒక్కొక్కదాన్నీ గాజుగ్లాసు దించినట్టు బక్కెట్టులో దించాడు. మా అత్త పక్క సాలులో రెండు చేతులా చిక్కుడుకాయలు కోసినట్టు ఏరుతూ, "నువ్వు అట్ల ఏరితే ఉగాది దాకా ఉండాల్సొస్తాది" అంది. ఇంతలో వాన గట్టిగా పట్టుకుంది. అందరం ఇంటికి పరుగెత్తాం. గోనెలు గట్టుమీదే మిగిలిపోయాయి.

సాయంత్రానికి వంక పొంగి రోడ్డుమీద పారింది. ఇవతలికి రాలేనని డ్రైవరు ఫోన్ చేశాడు. నాయన ఫోన్ జేబులో పెట్టుకుని అరుగుమీద అటూ ఇటూ నడిచాడు. జల్లు అరుగుమీదికే కొడుతోంది. అత్త తలుపు పూర్తిగా తెరిచి లోపలికి పోయింది. నాయన కాళ్లు కడుక్కుని గడప దాటాడు. ఆ పూట మా ఇంట్లో కోడిగుడ్డు వాసన కూడా లేదు. అత్త మధ్యాహ్నమే కూర మార్చి, కొత్త గిన్నెలో పప్పు వండి పెట్టిందని నేను అప్పుడే గమనించాను. నాయన రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. "మీ పప్పులో చింతపండు మాదేనా?" అన్నాడు. "కాదు, మా చెట్టుది" అంది అత్త. అంగడివాడి ముఖం కొంచెం చిన్నబోయింది.

పొద్దున నేను పురుగులకు ఆకు వేస్తుంటే తోటనుంచి కేక వినపడింది.

"పాపా! ఏయ్ పాపా! ఈడ రా!"

అది నా చిన్నప్పటి పిలుపు. అంగట్లోనుంచి ఇంట్లోకి వినపడేట్టు, మధ్యలో బెల్లం మూటలన్నీ దాటి వచ్చే పిలుపు. చేతిలో ఆకు చేతిలోనే ఉండగా పరుగెత్తాను. బురదలో ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. పాముని చూశాడేమో అనుకున్నాను.

నాయన గట్టుమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. వ్యాపారస్తుడు గోనె వదులుకోడు కదా, లేవగానే తన గోనెలకోసం వచ్చాడట. ఒక గోనె అంచు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. దానికింద, తడిసిన బెల్లం మరకలకు అంటుకుని, ఒకదానిపైన ఒకటి, గుట్టలు గుట్టలుగా నత్తలు. రెండో గోనె కిందా అంతే. చుట్టుపక్కల కొమ్మలమీద వెతికితే ఒకటో రెండో ఉన్నాయి.

"బెల్లం వాసనకు వచ్చినాయి. తడి ఉండాది, చీకటి ఉండాది, తీపి ఉండాది. ఇంగ వాటికేం కావాల?" అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. నేను నత్తల గుట్టవైపే చూస్తూ ఉండేసరికి, "నీకే చెప్తాండా పాపా. వినపడలేదా?" అన్నాడు.

"వినపడింది నాయనా" అన్నాను.

అప్పుడు ఆయన కూడా గమనించాడు, ఎవరితో మాట్లాడుతున్నాడో. కళ్లజోడు తీసి పంచెకొనతో తుడిచాడు. మళ్లీ పెట్టుకుని, "చెప్పు యాడ?" అన్నాడు నా కాళ్లవైపు చూసి. ఇద్దరం కలిసి బురదలో నా చెప్పు వెతికాం. అది దొరికేసరికి మా ఇద్దరి చేతులూ మోచేతులదాకా బురదే.

ఆ రోజునుంచి తోటకు కొత్త కాపలా ఏర్పడింది. హిందూపురంనుంచి బస్సుమీద బెల్లం గోనెల కట్టలు వచ్చేవి. పొద్దు గుంకేముందు వాటిని తడిపి, సాళ్లమధ్య పరిచి, లోపల బొప్పాయి ఆకులు వేసేవాళ్లం. తెల్లవారి గోనె ఎత్తితే చాలు. చెట్టుచెట్టూ వెతికే పని పోయింది. మట్టిలో సగ్గుబియ్యంలాంటి గుడ్లు కుప్పలుగా దొరికితే అవీ తీసేసేవాళ్లం. ఏరినవాటిని మా ఆయన బక్కెట్టుతో దూరంగా గుంతకు తీసుకుపోయేవాడు. ఆ గుంతలో సున్నం ఉందని నాకు తెలుసు. అత్తకూ తెలుసనే అనుకుంటాను. ఆమె మాత్రం బక్కెట్టు గేటు దాటేదాకా ఇంకోవైపు తిరిగి ఏదో పని చూసుకునేది. నాయన ఉంటే ఆయన కూడా. ఇద్దరూ అట్లా పక్కపక్కన నిలబడి ఆకాశంలో మబ్బు చూస్తూ ఉండేవారు.

ధర్మవరంలో మా ఆడబిడ్డ ఉంది, మగ్గం నేసే ఇంట్లో. ఆమె విషయం విని ప్యాసింజరు రైల్లో గంపకింద బాతులను పెట్టుకుని పెనుకొండ స్టేషన్లో దిగింది. బాతులు చిన్న నత్తలను చక్కగా మింగేవి. పెద్దదాన్ని చూస్తే మాత్రం మెడలు సాచి, బక్కబక్కమని అరుచుకుంటూ మా అత్త కాళ్లమధ్యకు వచ్చేవి. "కొడుకు కోడలు ఎట్లనో ఇవీ అట్లనే. తినేకాడ ముందు, పనికాడ నా వెనక" అనేది అత్త, వాటికి నూకలు వేస్తూ.

ఆ పంట గట్టెక్కింది. ఆకు కొంచెం తగ్గి గూళ్లు ఎప్పటంత బరువు రాలేదు, కాని వచ్చాయి. తెల్లగా, గట్టిగా. మార్కెట్టుకు తీసుకుపోయిన రోజు నాయన అంగడి అమ్మకు వదిలి వచ్చి మా గూళ్ల దగ్గర నిలబడ్డాడు. ఒకటి చెవిదగ్గర పెట్టుకుని ఆడించి, లోపల పురుగు గలగలమంటే సంతోషపడ్డాడు. నత్తలు పోలేదు. ఎండాకాలం గుల్ల మూతికి పల్చని తెర కట్టుకుని మట్టిలో నిద్రపోతాయి, మొదటి వానకు లేస్తాయి. ప్రతి ఏడూ మేమూ లేస్తాం. ఆదివారాలు నాయన వస్తాడు. ఇప్పుడు పట్టకారు లేదు, కవరు వేసుకుని చేత్తోనే ఏరుతాడు. మా అత్తతో వాదులు ఎక్కువయ్యాయి, ముఖ్యంగా చింతపండు గురించి.

మొన్న ధర్మవరంలో ఆడబిడ్డవాళ్లు కొత్త మగ్గం పెట్టుకున్నారు. పూజకు అందరం పోయాం, అమ్మా నాయనా కూడా. వచ్చినవాళ్లలో ఒక ముసలామె నాయనను చూసి, "ఈయన ఎవరప్పా? ఎప్పుడూ చూసినట్టు లేదే" అని అత్తను అడిగింది.

"మా అన్న. హిందూపురం" అంది అత్త, ఆలోచించకుండా, వడ్డన చూసుకుంటూ.

నాయన అది విన్నాడో లేదో తెలియదు. ఆయన అప్పటికే వసారాలో నేతగాళ్లనందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, వాళ్లు నేసే పట్టు ఎన్ని కష్టాలు దాటి వస్తుందో చెప్తున్నాడు. మొదట నత్త నిమ్మకాయంత ఉంది. కాఫీలు వచ్చేసరికి బత్తాయంత అయింది. నేను విస్తరాకులు వేయడానికి ఆ పక్క పోయినప్పుడు ఆయన రెండు చేతులూ ఎడంగా పట్టుకుని చూపిస్తున్నాడు, మధ్యలో ఒక టెంకాయ హాయిగా పట్టేది.

"అంత ఉంటాదా మామా?" అన్నాడు వెనకనుంచి మా ఆయన.

"నువ్వు చూసింది పిల్లనత్త లేప్పా" అన్నాడు నాయన, చేతులు తగ్గించకుండానే.